సీసాలో పెద్ద పొట్ట: ల్యాబ్‌లో రూమెన్‌ను నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పశుపోషణలో పీజీ చేరిన పిల్లలు, కొత్తగా ల్యాబ్‌లో పనికి వచ్చినవాళ్లు, అప్పుడప్పుడు డెయిరీ పెట్టుకున్న రైతులు కూడా ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది. నేను ఎక్కువగా పని చేసింది గ్యాస్ సిరంజీల మీద (మేత పులిసినప్పుడు వచ్చే గ్యాస్‌ను కొలిచే గాజు సిరంజీలు), కాబట్టి వాటి గురించి ఎక్కువ, మిగతావాటి గురించి తక్కువ రాశాను.

అసలు ల్యాబ్‌లో పశువు పొట్టను నడపడం అంటే ఏమిటి?

ఆవు, గేదె, మేక, గొర్రె తిన్న గడ్డిని అరిగించేది నిజానికి వాటి సొంత ఎంజైములు కాదు. పొట్టలోని మొదటి పెద్ద గది రూమెన్, అందులో ఉండే సూక్ష్మజీవులే గడ్డిని పులియబెడతాయి. ఒక్క మిల్లీలీటరు రూమెన్ ద్రవంలో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి, వాటితోపాటు లక్షల్లో ప్రోటోజోవా, మీథేన్ తయారుచేసే ఆర్కియా, పీచును చీల్చే ఫంగస్ కూడా ఉంటాయి. ఈ ఫంగస్ సంగతి 1975లో కోలిన్ ఆర్పిన్ బయటపెట్టేదాకా ఎవరికీ తెలియదు, వాటి పిల్లకణాలను అంతకుముందు అందరూ ప్రోటోజోవా అనుకున్నారు.

మనం చేసేది ఏమిటంటే, ఆ ద్రవాన్ని కొంచెం తీసుకొచ్చి, లాలాజలం లాంటి ఒక ద్రావణంలో కలిపి, మేత పొడి వేసి, గాలి తగలకుండా, పశువు ఒంటి వేడిలోనే ఉంచడం. పాలలో తోడు వేసి పెరుగు చేసినట్టే అనుకోండి. తోడు రూమెన్ ద్రవం, పాలు మేత. తోడు ఎలాంటిదైతే పెరుగు అలాంటిది అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం, దాని గురించి కింద వివరంగా రాశాను.

పశువు ఎదురుగా ఉండగా సీసా ఎందుకు? దానికే పెట్టి చూడొచ్చు కదా?

చూడొచ్చు, చివరికి చూడాలి కూడా. కానీ ఒక్కో మేతను పశువుకు పెట్టి అరుగుదల కొలవాలంటే కనీసం రెండు మూడు వారాలు అలవాటు చేయాలి, తర్వాత వారం రోజులు తిన్నది ఎంత, వదిలేసింది ఎంత, పేడ ఎంత అని రోజూ తూచాలి, ఒక్కో మేతకు నాలుగైదు పశువులు కావాలి. మీ దగ్గర యాభై రకాల జొన్న చొప్ప నమూనాలు ఉంటే అది ఎవరివల్లా కాదు. పైగా మొక్కల పెంపకం చేసేవాళ్లు ఇచ్చే నమూనా ఒక్కోసారి గుప్పెడే ఉంటుంది. సిరంజిలో 200 మిల్లీగ్రాములు చాలు. కొత్త ఆకు, కొత్త మందు, విషం ఉందేమోనని అనుమానం ఉన్న పదార్థం లాంటివాటిని నేరుగా మూగజీవం నోట్లో పెట్టకుండా ముందు సీసాలో చూడడం నా దృష్టిలో మన బాధ్యత కూడా.

ఒక్క మాట ఇప్పుడే గట్టిగా చెప్తాను: సీసా బాగా చేసే పని పోల్చడం. ఈ చొప్ప కంటే ఆ చొప్ప మేలు అని అది నమ్మకంగా చెబుతుంది. ఈ చొప్ప తింటే మీ గేదె ఎన్ని లీటర్లు ఇస్తుందో మాత్రం అది చెప్పదు. వచ్చిన ఫలితాలను తప్పుగా వాడేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

రూమెన్‌లో ఉండే ఏ పరిస్థితులను మనం తేవాలి?

వేడి 39 డిగ్రీలు. ఆక్సిజన్ దాదాపు సున్నా. పీహెచ్ 6 నుంచి 7 మధ్య. సూక్ష్మజీవులకు నత్రజని, ఖనిజాలు. ఇవి నాలుగూ కుదిరితే పులియడం మొదలవుతుంది.

పీహెచ్ విషయంలో పశువుకు ఉన్న సదుపాయం మనకు లేదు. పెద్ద పాడి ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది, అందులో ఉండే బైకార్బొనేటు (మన తినే సోడాలో ఉండేదే) ఆమ్లాన్ని విరుస్తుంది, పులిసినప్పుడు వచ్చే ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను పొట్ట గోడ ఎప్పటికప్పుడు పీల్చుకుంటుంది. సీసాకు గోడ ఉంది కానీ అది ఏమీ పీల్చుకోదు. అందుకే ముందే గట్టి బఫర్ (పీహెచ్ పడిపోకుండా కాపాడే ద్రావణం) పోసి పెడతాం. 1948లో మెక్‌డూగల్ గొర్రె లాలాజలాన్ని విశ్లేషించి దాని కూర్పును ప్రచురించాడు, ఆ కృత్రిమ లాలాజలాన్నే ఇప్పటికీ చాలా ల్యాబ్‌లు చిన్న చిన్న మార్పులతో వాడుతున్నాయి.

రూమెన్ ద్రవం ఎక్కడి నుంచి తెస్తారు? పశువుకు బాధ కలగదా?

మూడు దారులున్నాయి. మొదటిది, పక్కటెముకల వెనుక ఎడమవైపు చిన్న ఆపరేషన్ చేసి రబ్బరు మూత అమర్చిన పశువు. దాన్ని ఫిస్టులా పెట్టిన పశువు అంటాం. మత్తు ఇచ్చి చేస్తారు, మానిన తర్వాత అది మామూలుగానే తిని, నెమరేసి, ఏళ్ల తరబడి బతుకుతుంది. దీనికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి, అది కాగితం కోసం చేసే పని అనుకోవద్దు. రెండోది, నోట్లోంచి గొట్టం వేసి తీయడం. ఇందులో లాలాజలం కలిసిపోతుంది, మొదట వచ్చిన ద్రవాన్ని పారబోయాలి. మూడోది కబేళా. అక్కడ ఎలాగూ వృథాగా పోయేదే కాబట్టి ఏ పశువుకూ అదనంగా బాధ ఉండదు, చవక కూడా. ఇబ్బంది ఏమిటంటే ఆ పశువు క్రితం రోజు ఏం తిన్నదో, ఎన్ని గంటలు పస్తున్నదో మనకు తెలియదు. అందుకని కబేళా ద్రవం వాడేటప్పుడు కనీసం మూడు నాలుగు పశువుల నుంచి తీసి కలపండి, ఒక్కదాని మీద ఆధారపడకండి.

పేడను కూడా తోడుగా వాడి చూసిన పరిశోధనలు ఉన్నాయి. పని చేస్తుంది కానీ మందకొడిగా చేస్తుంది, పోలికలకు సరే గానీ నేనైతే వేరే దారి లేనప్పుడే వాడతాను.

తెచ్చేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

సగం ప్రయోగాలు ఇక్కడే చెడిపోతాయి, ఈ జవాబును ఓపిగ్గా చదవండి.

ఉదయం మేత వేయకముందే ద్రవం తీయండి. తిన్న తర్వాత గంట గంటకూ ద్రవం మారిపోతుంది, కాబట్టి రోజూ ఒకే సమయం ఉండాలి. థర్మాస్ ఫ్లాస్కును ముందే 39, 40 డిగ్రీల నీళ్లతో నింపి వేడెక్కించి, ద్రవం పోసే ముందు ఆ నీళ్లు పారబోయండి. ఫ్లాస్కును అంచుదాకా నింపి మూత పెట్టండి, పైన ఖాళీ ఉంటే గాలి ఉన్నట్టే. ద్రవంతోపాటు గుప్పెడు గడ్డి పిప్పి కూడా తీసుకురండి, పీచును కరిగించే బ్యాక్టీరియా ఎక్కువగా గడ్డి ముక్కలకు అతుక్కునే ఉంటాయి, వట్టి నీళ్లు తెస్తే అవి అక్కడే మిగిలిపోతాయి. ల్యాబ్‌లో నాలుగు మడతల మస్లిన్ గుడ్డతో వడకట్టేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పైనుంచి వదులుతూ ఉండాలి. తీసిన దగ్గర్నుంచి సీసాలో పోసేదాకా గంట దాటకూడదని నేను పెట్టుకున్న నియమం.

నా పీజీ రోజుల్లో ఒకసారి ఎండాకాలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి రెండున్నర గంటల తర్వాత ద్రవం ల్యాబ్‌కు చేర్చాను. చూడడానికి బాగానే ఉంది, వాసన బాగానే ఉంది, సరే అని 48 సిరంజీలు పెట్టాను. ఎనిమిది గంటలయినా పిస్టన్లు కదల్లేదు. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. మర్నాడు గ్యాస్ కొద్దిగా వచ్చింది, ఆ అంకెలు వాడొచ్చు కదా అని స్నేహితులు అన్నారు, కానీ స్టాండర్డు మేత (ఎంత గ్యాస్ ఇస్తుందో ముందే తెలిసిన మేత) కూడా మామూలులో సగమే ఇచ్చింది కాబట్టి మొత్తం పారేశాను. వారం పని పోయింది. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను.

బఫర్ గులాబీ రంగులోకి మారింది, ఏం చేయాలి?

ద్రవం కలపకండి, ఆగండి. మనం బఫర్‌లో రిసాజురిన్ అనే రంగు కొంచెం వేస్తాం. అది మొదట నీలంగా ఉంటుంది, ఆక్సిజన్ తగ్గుతూ పోతే గులాబీ అవుతుంది, పూర్తిగా పోయాక రంగు లేకుండా అవుతుంది. గులాబీ అంటే ఇంకా ఆక్సిజన్ ఉందని. సోడియం సల్ఫైడు ద్రావణం వేసి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతూ రంగు పోయేదాకా చూడండి, అప్పుడు రూమెన్ ద్రవం కలపండి. సోడియం సల్ఫైడు నుంచి కుళ్లిన గుడ్ల వాసన వేసే గ్యాస్ వస్తుంది, అది విషం, ఫ్యూమ్ హుడ్ (గ్యాస్‌ను బయటికి లాగేసే గూడు) కింద చేయండి.

గాలి అంటే ఈ జీవులకు ఎంత పడదో అర్థం చేసుకుని, వాటిని గాలి లేకుండా పెంచే పద్ధతిని 1950లో రాబర్ట్ హంగేట్ వివరంగా రాశాడు. అమెరికాలో పని చేసిన ఆయన వల్లే రూమెన్ సూక్ష్మజీవశాస్త్రం అనేది నిలబడింది. రిసాజురిన్ రంగు పోయేదాకా ఎదురుచూసే ప్రతిసారీ ఆయన పద్ధతినే మనం పాటిస్తున్నాం.

ఎన్ని పద్ధతులున్నాయి, నాకు ఏది సరిపోతుంది?

మీ ప్రశ్నను బట్టి. వట్టి అరుగుదల శాతం కావాలంటే 1963 నాటి టిల్లీ, టెర్రీల రెండు దశల పద్ధతి ఉంది, ఇంగ్లాండులో హర్లీ దగ్గరున్న పచ్చిక పరిశోధన సంస్థలో తయారైంది. అర గ్రాము మేతను 48 గంటలు రూమెన్ ద్రవంలో, మరో 48 గంటలు పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము, ఆమ్లంలో ఉంచుతారు. మొదటిది పెద్ద పొట్ట, రెండోది అసలు జీర్ణాశయం అన్నమాట. పాతదే అయినా ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇదే పనిని చిన్న చిన్న వడపోత సంచుల్లో, తిరిగే నాలుగు జాడీల్లో చేసే డెయిసీ అనే యంత్రం వచ్చింది, నమూనాలు ఎక్కువగా ఉంటే అది సుఖం.

ఎంత అరిగింది అన్నదే కాక ఎంత వేగంగా అరిగింది అన్నది కావాలంటే గ్యాస్ పద్ధతి. 1979లో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో మెంకే బృందం 100 మిల్లీలీటర్ల గాజు సిరంజీలతో మొదలుపెట్టింది. 200 మిల్లీగ్రాముల మేత, ఒక వంతు రూమెన్ ద్రవానికి రెండు వంతుల బఫర్ కలిపి 30 మిల్లీలీటర్లు, పిస్టన్‌కు వాసెలిన్, 39 డిగ్రీలు. పిస్టన్ ఎంత పైకి లేస్తే అంత గ్యాస్. సిరంజీలు లేనివాళ్లు మూత బిగించిన సీసాల్లో పీడనం కొలుస్తారు, 1994లో థియోడోరూ బృందం చెప్పిన పద్ధతి అది. మన దేశంలో నేను చూసిన ల్యాబ్‌లకు సిరంజీలే నప్పుతాయి: కరెంటు పోయినా వాటర్ బాత్ వేడి కొంతసేపు నిలుస్తుంది, పరికరం పాడైతే కంపెనీవాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు.

రోజుల తరబడి నడవాలంటే రుసిటెక్ లేదా రెండు ప్రవాహాల ఫెర్మెంటర్. వాటికి విడిగా ప్రశ్న ఉంది.

గ్యాస్ ఎక్కువ వస్తే మేత మంచిదనేగా?

తొందరపడకండి. చాలామంది థీసిస్‌లలో తప్పు దొర్లేది ఇక్కడే.

సిరంజిలో పేరుకున్న గ్యాస్ అంతా సూక్ష్మజీవులు నేరుగా వదిలింది కాదు. ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారయ్యేటప్పుడు కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వస్తాయి, ఇది ఒక భాగం. ఆ ఆమ్లాలు బఫర్‌లోని బైకార్బొనేటుతో కలిసి, తినే సోడా మీద నిమ్మరసం పిండినట్టు, పొంగించే కార్బన్ డయాక్సైడ్ రెండో భాగం. గడ్డి జాతి మేతల్లో దాదాపు సగం గ్యాస్ ఈ రెండో దారిలోనే వస్తుంది. కాబట్టి గ్యాస్ అనేది ఆమ్లాల నీడ. ఆమ్లాలు పశువుకు శక్తి, ఆ మేరకు గ్యాస్ మంచి గుర్తే.

ఇప్పుడు చిక్కు. వేరుశనగ చెక్క లాంటి ప్రోటీన్ ఎక్కువగా ఉన్న మేతలో ప్రోటీన్ విరిగి అమ్మోనియా వస్తుంది, అది ఆమ్లాన్ని తనే విరిచేస్తుంది, బఫర్ నుంచి రావాల్సిన గ్యాస్ తగ్గుతుంది. అంటే మంచి చెక్క గ్యాస్‌లో వెనకబడినట్టు కనిపిస్తుంది. నూనె, కొవ్వు దాదాపు గ్యాస్ ఇవ్వవు, కానీ శక్తి బోలెడు. ప్రొపియానిక్ ఆమ్లం పశువుకు గ్లూకోజ్ ఇచ్చే ముఖ్యమైన ఆమ్లం, అది తయారయ్యేటప్పుడు నేరుగా గ్యాస్ రాదు, బఫర్ నుంచి వచ్చేది మాత్రమే ఉంటుంది. గ్యాస్ అంకె ఒక్కటే పట్టుకుని వరుస పెడితే ఇవన్నీ తారుమారవుతాయి.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. కరిగిన మేత మూడు దారుల్లో పోతుంది: ఆమ్లాలు, గ్యాస్, సూక్ష్మజీవుల శరీరాలు. ఈ మూడోదే తర్వాత పేగుల్లో అరిగి పశువుకు ప్రోటీన్ అవుతుంది. ఒకే మొత్తం కరిగినప్పుడు గ్యాస్ తక్కువ వచ్చిన మేత సూక్ష్మజీవులను ఎక్కువ పెంచి ఉండొచ్చు. అందుకే 24 గంటల తర్వాత మిగిలిన మడ్డిని డిటర్జెంటుతో ఉడికించి, నిజంగా కరిగింది ఎన్ని మిల్లీగ్రాములో తేల్చి, దాన్ని గ్యాస్‌తో భాగించాలని బ్లూమెల్, మక్కర్, బెకర్ 1997లో చెప్పారు. ఆ నిష్పత్తి మామూలుగా 2.75 నుంచి 4.41 మధ్య ఉండాలి. అంతకన్నా పైకి వస్తే సంబరపడకండి, టానిన్లు (ఆకుల్లో ఉండే వగరు పదార్థాలు) నీళ్లలోకి దిగి 'కరిగినట్టు' లెక్కలో చేరాయేమో చూడండి, తుమ్మ ఆకుల్లో నాకు అలాగే జరిగింది.

గ్యాస్ నుంచి శక్తి ఎలా లెక్కేస్తారు?

బాగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటి: 2.20 + (0.136 × గ్యాస్) + (0.057 × ముడి ప్రోటీన్ శాతం). గ్యాస్ అంటే 200 మిల్లీగ్రాముల ఎండు పదార్థానికి 24 గంటల్లో వచ్చిన మిల్లీలీటర్లు, జవాబు కిలోకు మెగాజౌళ్లలో. లెక్క కోసం ఒక వరి గడ్డి 25 మిల్లీలీటర్లు ఇచ్చి, ప్రోటీన్ 4 శాతం ఉందనుకోండి: 2.20, 3.40, 0.23 కలిపి సుమారు 5.8 మెగాజౌళ్లు. ఈ సూత్రం జర్మనీ మేతలు, అక్కడి పశువుల మీద కట్టింది, గడ్డికి వేరు దాణాకు వేరు సూత్రాలున్నాయి. మన గడ్డికి ఇలా వచ్చిన విలువను వరుస పెట్టడానికి వాడండి, పశువు రోజు మేత లెక్క కట్టేటప్పుడు దశాంశాల దాకా నమ్మకండి.

బ్లాంకు, స్టాండర్డు తప్పనిసరా?

తప్పనిసరి. మేత వేయని సిరంజి బ్లాంకు. తోడులోనే కొంత గడ్డి మిగిలి ఉంటుంది కాబట్టి అదీ గ్యాస్ ఇస్తుంది, దాన్ని తీసేయాలి. స్టాండర్డు అంటే ఎంత గ్యాస్ ఇస్తుందో ముందే తెలిసిన మేత. మీ దగ్గర కొన్నది లేకపోతే మంచి జొన్న చొప్ప ఒక బస్తా ఎండబెట్టి, 1 మిల్లీమీటరు జల్లెడలో మర పట్టించి, డబ్బాల్లో పెట్టుకుని ప్రతి రన్‌లోనూ పెట్టండి. ఆరు నెలల్లో మీ ల్యాబ్‌కు సొంత చరిత్ర తయారవుతుంది. స్టాండర్డు పది శాతం కంటే ఎక్కువ అటూ ఇటూ అయితే ఆ రన్ మళ్లీ చేయడమే.

నేను ఒక్కో మేతకు ఆరు సిరంజీలు పెట్టాను. రిపీట్లు ఆరేనా?

కాదు, ఒకటే. ఆరు సిరంజీల్లోనూ ఒకే రోజు, ఒకే ఫ్లాస్కు తోడు పోశారు. అవి మీ తూకం, మీ చెయ్యి ఎంత నిలకడగా ఉన్నాయో చెబుతాయి, అంతే. ఇంకో రోజు ఇంకో తోడుతో చేస్తే అది రెండో రిపీటు. ఆరు సిరంజీలను ఆరు రిపీట్లుగా గణాంకాల్లో పెడితే లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకే రోజు ఆరుకు బదులు, మూడు వేర్వేరు రోజుల్లో రెండేసి పెట్టండి. పని అంతే, నమ్మకం ఎంతో ఎక్కువ. ఇది చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు వాడిపోతాయి, నాకూ బాధే, కానీ డేటా అంతా అయ్యాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడం మేలు.

రుసిటెక్ అంటే ఏమిటి? సిరంజి చాలదా?

సిరంజి ఒక పూట భోజనం లాంటిది, ఒక్కసారి మేత వేస్తాం, అరుగుతుంది, అయిపోతుంది. సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడ్డాక ఏం జరుగుతుందో అది చూపించలేదు. స్కాట్లాండులో ఎయిర్ దగ్గర హానా పరిశోధన సంస్థలో చెర్కాస్కీ, బ్రెకెన్‌రిడ్జ్ 1977లో దీనికి ఒక తేలికైన ఏర్పాటు చూపించారు. లీటరు దరిదాపు పాత్ర, లోపల రెండు నైలాన్ సంచుల్లో మేత, పైకీ కిందికీ నెమ్మదిగా కదిలే ఏర్పాటు, ఒక పక్క నుంచి కృత్రిమ లాలాజలం రోజంతా చుక్కలు చుక్కలుగా లోపలికి, ఇంకో పక్క నుంచి అంతే ద్రవం బయటికి. రోజుకు ఒక సంచి మారుస్తారు, అంటే ప్రతి సంచీ 48 గంటలు లోపల ఉంటుంది. మొదటి ఐదు నుంచి ఏడు రోజులు కుదురుకోవడానికి వదిలేసి, తర్వాతే కొలతలు తీస్తారు.

సంచి మార్చేటప్పుడు గాలి లోపలికి పోతుంది, త్వరగా చేయాలి, నత్రజని గ్యాస్ వదలాలి. ప్రోటోజోవా సంఖ్య రోజులు గడిచేకొద్దీ బాగా పడిపోతుంది. ప్రోటోజోవా మీద పరిశోధన చేసేవాళ్లు ఈ విషయం తెలియకుండా రుసిటెక్ మొదలుపెడితే చివర్లో ఏడవాల్సి వస్తుంది. రెండు ప్రవాహాల ఫెర్మెంటర్ ఇంకో మెట్టు పైన: ద్రవం వేగంగా, గట్టి ముక్కలు నెమ్మదిగా బయటికి పోయేలా విడివిడిగా నడుపుతారు, నిజమైన రూమెన్‌లో జరిగేది అదే కాబట్టి. ఖరీదు, శ్రమ రెండూ ఎక్కువ.

సీసాలో మీథేన్ 99 శాతం తగ్గిందట, పశువులో కూడా అంతేనా?

ఆస్పరగాప్సిస్ అనే ఎర్ర సముద్రపు పాచి గురించే అడుగుతున్నారు కదా. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ పరిశోధకులు 2014లో సముద్రపు, మంచినీటి పాచిని చాలా రకాలు తెచ్చి సీసాల్లో పోల్చి చూశారు, అందులో ఇది మీథేన్‌ను దాదాపు పూర్తిగా ఆపింది. అందులోని బ్రోమోఫాం అనే పదార్థం మీథేన్ తయారీ చివరి మెట్టును అడ్డుకుంటుంది. సీసా ఇక్కడ తన పని అద్భుతంగా చేసింది, అన్ని రకాల్లోంచి ఒకదాన్ని వేలు పెట్టి చూపించింది. తర్వాత అమెరికాలో డేవిస్ విశ్వవిద్యాలయంలో 147 రోజులు గిత్తలకు పెట్టి చూస్తే, ఎక్కువ మోతాదులో 80 శాతానికి పైగా తగ్గినట్టు 2021లో ప్రచురించారు. ఇలా పశువులో కూడా నిలబడడం అరుదు.

ఎక్కువసార్లు సీసాలో కనిపించే తగ్గుదల పశువులో కరిగిపోతుంది. వెల్లుల్లి, లవంగం, కుంకుడు సారం లాంటివి సీసాలో మోతాదు పెంచుకుంటూ పోతే మీథేన్ తప్పకుండా తగ్గుతుంది, ఎందుకంటే ఆ మోతాదులో అసలు పులియడమే తగ్గుతుంది. అందుకే మీథేన్‌ను ఎప్పుడూ కరిగిన మేతకు ఇంత అని రాయండి, మొత్తం గ్యాస్‌కు ఇంత అని కూడా రాయండి, ఆమ్లాల మొత్తం ఎంతో పక్కన చూపించండి. మీథేన్ 40 శాతం తగ్గి అరుగుదల 35 శాతం తగ్గితే అది ఆకలి పెట్టడమే. మోతాదును కూడా రూమెన్ పరిమాణానికి లెక్క కట్టి చూడండి: 30 మిల్లీలీటర్లకు వేసింది 100 లీటర్లకు ఎంతవుతుంది, ఆ గేదె రోజుకు అంత తినగలదా, రైతు కొనగలడా?

మీథేన్ భూమిని వేడెక్కించే వాయువు కాబట్టి మన దేశంలో ఈ పని చిన్న విషయం కాదు, 2019 పశుగణన ప్రకారం ఆవుజాతి పశువులు 19 కోట్లకు పైన, గేదెలు దాదాపు 11 కోట్లు. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కలతో 'హరిత్ ధారా' అనే దాణా మిశ్రమం తయారుచేసింది, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) చెప్పింది. అంకె చిన్నగా కనిపిస్తుంది, కానీ సీసాలోని 99 కంటే పశువులోని 17 నాకు విలువైనది.

తోడు ఏ పశువుదైనా ఒకటేనా?

కాదు, దీనికి సుబాబుల్ కథే సాక్ష్యం. సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంటుంది, రూమెన్‌లో అది డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులు సుబాబుల్ ఎక్కువగా తిని జబ్బుపడేవి, హవాయి మేకలకు మాత్రం ఏమీ కాలేదు. రేమండ్ జోన్స్ దీన్ని పట్టుకున్నాడు: హవాయి మేకల రూమెన్‌లో ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఉంది, ఆస్ట్రేలియా పశువుల్లో లేదు. 1980ల్లో ఆ తోడును తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు పట్టించారు, పని చేసింది. 1992లో ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు మీదుగానే సినర్జిస్టిస్ జోనెసీ అని పేరు పెట్టారు. క్వీన్స్‌లాండ్‌లో ఆ తోడును ఫెర్మెంటర్‌లో పెంచి రైతులకు అందించారు. ల్యాబ్‌లో నడిపిన రూమెన్ నేరుగా పశువు నోటికి మందుగా వెళ్లిందన్నమాట. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

కాబట్టి సుబాబుల్‌ను ఎప్పుడూ తినని పశువు తోడుతో సుబాబుల్‌ను పరీక్షించి 'పనికిరాదు' అని రాయకండి. దాత పశువు ఏం తింటోందో ప్రతి రిపోర్టులో రాయండి.

సీసా ఎప్పటికీ చూపించలేనిది ఏమిటి?

పశువు ఎంత తింటుందో. రుచి నచ్చక మొహం తిప్పుకుంటే ఎంత అరిగే మేతయినా వృథా. నమలడం, నెమరు వేయడం, పొట్ట గోడ పీల్చుకోవడం, ముక్కలు చిన్నవై ముందుకు జారడం కూడా సీసాలో లేవు. మేతను 1 మిల్లీమీటరు పొడి చేసి వేస్తాం, గేదె అంత మెత్తగా ఎన్నడూ నమలదు. అందుకే ఎంపిక చేసిన రెండు మూడు మేతలను చివరికి పశువుకు పెట్టాల్సిందే.

మా రైతులకు దీనివల్ల ఏమిటి లాభం?

ఇప్పటికే ఉంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలో ఉన్న అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థలో, పైన చెప్పిన బ్లూమెల్, జొన్న, వేరుశనగ రకాలను గింజ దిగుబడితోపాటు చొప్ప అరుగుదలను బట్టి కూడా ఎంచుకోవచ్చని చూపించే పని ఏళ్ల తరబడి చేశాడు. హైదరాబాదులో చొప్ప వ్యాపారుల దగ్గర నమూనాలు తీసి ల్యాబ్‌లో చూస్తే, అరుగుదల 47 శాతం నుంచి 52 శాతానికి మారితే ధరలో 25 శాతం దాకా తేడా ఉంది. అంటే పాలవాళ్లు, వ్యాపారులు కంటితో, చేత్తో చూసి పెట్టిన ధరే ల్యాబ్ అంకెతో కలిసింది. మన పెద్దవాళ్లు కాండం కొరికి తీపి చూసి చొప్ప కొనడం వెనుక ఎంత జ్ఞానం ఉందో దీంతో తెలుస్తుంది.

వరి గడ్డికి యూరియా పెట్టడం ఇంకో ఉదాహరణ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మూసి పెడితే గడ్డి మెత్తబడి అరుగుదల పెరుగుతుంది. ఆ తేడా సిరంజిలో ఒక్క రోజులో కనిపిస్తుంది. మీ ఊరి గడ్డికి ఎంత లాభమో ముందే చూసుకోవచ్చు. యూరియాను మాత్రం నేరుగా పశువుకు పెట్టకండి, ప్రాణం పోతుంది.

టానిన్లున్న ఆకులు (తుమ్మ, చింత లాంటివి) వాడదలచుకుంటే టానిన్లను పట్టేసే పాలీఇథిలీన్ గ్లైకాల్ వేసిన సిరంజి, వేయని సిరంజి పక్కపక్కన పెట్టి చూస్తారు. వేసినదాంట్లో గ్యాస్ బాగా పెరిగితే టానిన్లు అడ్డుపడుతున్నాయని అర్థం. చవకైన, నమ్మదగ్గ పరీక్ష.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, దాని కింద గన్నవరం కళాశాల, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో పశుపోషణ విభాగాలున్నాయి. దేశంలో పైన చెప్పిన బెంగళూరు సంస్థ, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ), ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్‌ఐ) పెద్దవి. వెళ్లినప్పుడు ప్రొఫెసర్ కంటే ముందు అక్కడ సిరంజీలు కడిగే, ద్రవం తెచ్చే సిబ్బందితో రెండు రోజులు గడపండి. పుస్తకంలో లేనివి వాళ్ల దగ్గర ఉంటాయి.

ఇంట్లో చేసి చూడొచ్చా?

వద్దు. రూమెన్ ద్రవంతో బ్రూసెల్లా లాంటి జబ్బులు సోకే ప్రమాదం ఉంది, ముఖ్యంగా కబేళా నుంచి తెచ్చినప్పుడు. ల్యాబ్‌లో కూడా చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోకండి.

మొదటి రన్ పెట్టబోతున్నాను, ఒక్క సలహా ఇవ్వండి.

మొదటి రన్‌లో మీ మేతలేవీ పెట్టకండి. బ్లాంకులు, స్టాండర్డు మాత్రమే పెట్టి 2, 4, 6, 8, 12, 24 గంటలకు లేచి చదవండి. పిస్టన్ 90 దాటబోతుంటే క్లిప్పు తీసి గ్యాస్ వదిలి, మళ్లీ 30కి తెచ్చి, ఆ అంకెను నోట్‌బుక్‌లో వెంటనే రాయండి, తర్వాత గుర్తుపెట్టుకుని రాద్దాం అనుకోకండి. రాత్రి రీడింగు మీరే తీయండి, వేరేవాళ్లకు అప్పగించకండి, కనీసం మొదటిసారి.